పవర్ తగ్గదు, మోత తగ్గించండి: మోడిఫైడ్ టర్బో కార్ల యజమానులకు, గ్యారేజీలకు, అధికారులకు బహిరంగ లేఖ

మోడిఫైడ్ టర్బో కార్లు నడిపే తమ్ముళ్లకు, వాటికి ఎగ్జాస్టులు కట్టే గ్యారేజీల వారికి, రవాణా, పోలీసు, కాలుష్య నియంత్రణ శాఖల అధికారులకు నమస్కారం.

హైదరాబాద్‌లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన, అత్తాపూర్‌లో ఉంటాం మేము. ఇక్కడ అడ్రస్ చెప్పాలంటే వీధి పేరు అక్కర్లేదు, పిల్లర్ నంబరు చెబితే చాలు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఈ వంతెనను 2009లో తెరిచినప్పుడు మేమూ సంతోషించాం. కింద రోడ్డు కాస్త ఊపిరి పీల్చుకుంది, ఎయిర్‌పోర్టు దగ్గరైంది. పగటి ట్రాఫిక్ హోరు మాకు అలవాటైపోయింది, దాని మీద ఫిర్యాదు లేదు. రాత్రి పదకొండు దాటి రోడ్డు ఖాళీ అయ్యాక, సైలెన్సర్ పీకేసిన టర్బో కార్లు (పొగ గ్యాస్ బలంతో ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే కార్లు) ఒకదాని వెనక ఒకటి వంతెన మీద పెట్టే మోత గురించే ఈ లేఖ. బైకులను ఈ వంతెన ఎక్కనివ్వరు కాబట్టి ఇక్కడ "అది బైకేమో" అనే అనుమానానికి కూడా తావు లేదు.

మా అపార్ట్‌మెంట్ల సంఘాలు కలిసి అర్జీలు పెట్టుకున్నాయి. ఒక కార్యాలయంలో ఇది మా పరిధి కాదన్నారు. ఇంకోచోట అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మరోచోట కారు నంబరు, ఫొటో తెస్తే చూస్తామన్నారు. అర్ధరాత్రి ఆ వేగంతో పోయే కారు నంబరును మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి ఎవరు తీయగలరు? అది మా పని ఎలా అవుతుంది? ఎవరినీ పేరు పెట్టి నిందించడం మా ఉద్దేశం కాదు. తలుపు తట్టిన చోటల్లా జవాబు రాలేదు కాబట్టి అందరికీ కలిపి ఇలా రాయాల్సి వస్తోంది.

నా గురించి ఒక్క మాట. కార్ల వర్క్‌షాపులో చాలా ఏళ్లు పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. టర్బో కార్లంటే నాకు ద్వేషం లేదు. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, అందుకుని ఇంజిన్ లాగుతుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పోలో జీటీ టీఎస్‌ఐ, ఆక్టేవియా లాంటి కార్లను మీరు ఎంత ప్రాణంగా చూసుకుంటారో నాకు తెలుసు. అందుకే, తమ్ముళ్లూ, పెద్దవాడిగా కాకుండా పని తెలిసినవాడిగా చెబుతున్నాను. పవర్ వేరు, మోత వేరు. మోత తగ్గిస్తే పవర్ పోతుందని మీకు ఎవరు చెప్పినా అది తప్పు. ఆ తప్పుడు మాటకు మూల్యం మేము కడుతున్నాం. ఎలాగో వినండి.

1. ఇది కిటికీ మూస్తే ఆగే శబ్దం కాదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే రెండు సిలిండర్లు మండుతాయి. నిమిషానికి 2,500 చుట్ల దగ్గర అది సెకనుకు సుమారు 83 దెబ్బలు. ఇంత బరువైన శబ్దాన్ని మామూలు కిటికీ అద్దాలు ఆపలేవు, గోడలు కూడా అంతంత మాత్రమే ఆపుతాయి. మా వంటింట్లో స్టీలు స్టాండులో నిలబెట్టిన ప్లేట్లు ముందు సన్నగా మోగుతాయి, ఆ తర్వాత కారు చప్పుడు చెవికి అందుతుంది. వంతెన మీది రోడ్డు మా మూడో అంతస్తు ఎత్తులో ఉంది, మధ్యలో చెట్టూ లేదు గోడా లేదు. కిటికీలు మూసుకోమని సలహా ఇచ్చినవారున్నారు. ఏసీ లేని ఇంట్లో మే నెల రాత్రి కిటికీ మూసుకుని పడుకోవడం ఎలాగో కూడా వారే చెప్పాలి.

2. మెలకువ రాని వారికీ హాని జరుగుతుంది. నిద్రలో ఉన్నా చెవి మూసుకోదు. ఉన్నట్టుండి పెద్ద శబ్దం పడితే గుండె వేగం, బీపీ పెరుగుతాయి, గాఢనిద్ర చెదురుతుంది, పొద్దున లేచాక కారణం తెలియని అలసట మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ దేశాల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రిపూట రోడ్డు శబ్దం 45 డెసిబెల్స్ లోపు ఉండాలని సూచించింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కూడా నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇదే 45 పెట్టాయి.

3. ఆ 45 అనేది సగటు లెక్క. మా బాధ ఎవరికీ కనిపించకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. రాత్రి మొత్తం మీద సగటు తీస్తే, ఏడెనిమిది సెకన్ల పాటు దూసుకుపోయిన ఒక కారు మోత ఆ సగటులో కలిసిపోతుంది. పగలు సగటున ఎంత, రాత్రి సగటున ఎంత అని పట్టికలో రాసుకుంటే ఆ కారు అందులో ఉండదు. కానీ నిద్ర లేచిన పసిపిల్ల సగటున లేవదు కదా. ఆ ఒక్క కారుకే లేస్తుంది. కాబట్టి మా దగ్గర సగటు ఎంత వచ్చిందన్నది ఒక్కటే చూడకండి, గరిష్ఠంగా ఎంతకు వెళ్లింది, రాత్రికి ఎన్నిసార్లు వెళ్లింది అన్నది చూడండి.

4. ఎవరు ఎలా నష్టపోతున్నారంటే. మా కింది పోర్షన్‌లో కర్రీ పాయింట్ నడిపే ఆవిడ నాలుగింటికల్లా లేచి కూరగాయలు తరగాలి. పదింటికి పడుకుంటే తప్ప ఆమెకు ఆరు గంటల నిద్ర దొరకదు. పదకొండు నుంచి రెండు దాకా కార్లు తిరుగుతుంటే ఆమె ఎప్పుడు పడుకోవాలి? ఎదురు ఫ్లాట్‌లో నెలల బిడ్డ ఉంది. తల్లి ఊపి ఊపి పన్నెండున్నరకు పడుకోబెడుతుంది, ఒక కారు పోతుంది, బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంటుంది, మళ్లీ గంట జోకొట్టాలి. ఆ అమ్మాయి పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు బస్సు ఎక్కాలి. గుండెకు బైపాస్ అయిన ఒక పెద్దాయన రాత్రిళ్లు హాల్లో కుర్చీలోనే కూర్చుంటున్నారు, పడుకుని ఉలిక్కిపడి లేవడం కంటే మేలని. మార్చిలో ఇంటర్ పిల్లల టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. సెల్లార్‌లో రేకుల గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబాన్ని అడిగిన వాళ్లే లేరు, ఆ రేకులు కూడా మోగుతాయి.

ఇక గ్యారేజీల వారితో, యజమానులతో పని గురించి మాట్లాడతాను.

టర్బో ఉన్న కారు నిజానికి టర్బో లేని కారు కన్నా నిశ్శబ్దంగా ఉండాలి. సిలిండర్ల నుంచి దడదడమంటూ వచ్చే వేడి గ్యాస్ ముందుగా టర్బైన్ చక్రాన్ని తిప్పాలి. ఆ పనిలోనే దాని దూకుడు చాలావరకు విరిగిపోతుంది. కంపెనీ ఇచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే క్యాట్), మధ్యలో హోరు తగ్గించే రెసొనేటర్, వెనక పెద్ద మఫ్లర్ (సైలెన్సర్ డబ్బా) మిగిలిన శబ్దాన్ని మింగుతాయి. మీరు పవర్ పెంచే స్టేజ్ టూ మార్పుల పేరుతో క్యాట్ లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి కిందికి దిగే గొట్టం) వేస్తారు, రెసొనేటర్ కోసేసి ఆ చోట గొట్టం వెల్డింగ్ పెడతారు, వెనక మఫ్లర్ తీసి పేరుకో చిన్న డబ్బా బిగిస్తారు. మూడు చోట్లా శబ్దాన్ని పట్టేది పోయింది.

టర్బైన్ తర్వాత గ్యాస్‌కు అడ్డు తక్కువుంటే బూస్ట్ త్వరగా అందుకుంటుంది, నిజమే. కాదనను. కానీ అడ్డు తగ్గడానికి గొట్టం వ్యాసం, నునుపైన వంపులు చాలు, మఫ్లర్ ఉండకూడదని ఎక్కడా లేదు. రంధ్రాలున్న లోపలి గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్ నింపిన స్ట్రెయిట్ త్రూ మఫ్లర్ తీసుకోండి. గ్యాస్ నేరుగా పోతుంది, దారిలో దాదాపు అడ్డే ఉండదు, శబ్దం మాత్రం రంధ్రాల గుండా ఊల్‌లోకి వెళ్లి చచ్చిపోతుంది. దీనికి ఒకటే షరతు, డబ్బా పొడవుగా, లావుగా ఉండాలి. కారు కింద చోటు లేదని అరచేతి పొడవు డబ్బా పెట్టి "మఫ్లర్ పెట్టాం అన్నా" అంటే అది పెట్టినట్టు కాదు. మధ్యలో ఒక రెసొనేటర్, వెనక ఒక పెద్ద మఫ్లర్, రెండూ ఉండాలి. ఊల్ కూడా కాలక్రమంలో మాడి ఎగిరిపోతుంది. నిరుడు బాగున్న కారు ఈ ఏడు రంకెలేస్తోందంటే ముందు అక్కడ చూడండి, ఆ తర్వాత ఫ్లాంజ్ గ్యాస్కెట్లు, ఫ్లెక్స్ పైపు లీకులు చూడండి. లీకు ఒక్క చప్పుడుతో పోదు, కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి వస్తుంది.

హైవే మీద ఒకే వేగంలో పోతుంటే తల దిమ్మెక్కించే హమ్ ఒకటి ఉంటుంది, డ్రోన్ అంటారు మీరు. అది పైన చెప్పినట్టు సెకనుకు 80, 100 దెబ్బల దగ్గరే పుడుతుంది, మా ప్లేట్లు మోగించేదీ అదే. దానికి మఫ్లర్ మీద మఫ్లర్ పెట్టక్కర్లేదు. ఒక చివర మూసేసిన పక్క గొట్టం, మీటరు పైచిలుకు పొడవుది, ఎగ్జాస్టుకు టీ లాగా అతికిస్తే లోపలికి పోయి తిరిగొచ్చిన అల సరిగ్గా ఎదురుగా వచ్చి ఆ హమ్‌ను కొట్టేస్తుంది. జే పైప్ అని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. గ్యాస్ ఆ గొట్టంలో ప్రవహించదు కాబట్టి పవర్‌తో దానికి సంబంధమే లేదు. పొడవు మాత్రం మీ కారు హమ్ ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో చూసి కోయాలి.

బయటి వేస్ట్‌గేట్ (బూస్ట్ ఎక్కువైతే గ్యాస్‌ను పక్కకు వదిలే వాల్వు) పెట్టుకున్నవారు దాని గొట్టాన్ని గాలిలోకి వదిలేస్తున్నారు. బూస్ట్ నిండగానే మఫ్లర్ ఊసే లేకుండా గ్యాస్ అరుస్తూ బయటపడుతుంది. ఆ గొట్టాన్ని తిరిగి డౌన్‌పైప్‌లో కలపండి.

అన్నిటికన్నా ఎక్కువ మందిని లేపేది పటపటలాడే పేలుళ్లు. కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయగానే తుపాకీ కాల్చినట్టు వస్తుందే, అది. ఇది ఇంజిన్ సహజ గుణం కాదు. రీమ్యాప్‌లో, అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చేటప్పుడు, స్పార్కును వెనక్కి జరిపి, కాలు తీశాక కూడా పెట్రోలు వదిలి, అది ఎగ్జాస్టులో మండేలా కావాలని రాసిన ప్రోగ్రాం. పవర్ ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. ఆ వేడికి మీ టర్బైన్, ఎగ్జాస్ట్ వాల్వులు, క్యాట్ ఉంటే క్యాట్ దెబ్బతింటాయి. ఏ గ్యారేజీ ఆ మ్యాప్ ఎక్కించిందో అదే గ్యారేజీ ల్యాప్‌టాప్ పెట్టి కాసేపట్లో తీసేయగలదు. ఒక్క స్పానర్ పట్టక్కర్లేదు. ఈ లేఖ చదివి మీరు ఒకే ఒక్క పని చేస్తానంటే ఇది చేయండి.

అసలు మార్పులే చట్టవిరుద్ధం కదా, ఈ సలహాలెందుకని అధికారులు అడగవచ్చు. నిజమే, కంపెనీ ఎగ్జాస్టు తిరిగి బిగించడం కంటే మంచి దారి లేదు. చాలామంది పాత సైలెన్సర్ అమ్మకుండా అటక మీదో గ్యారేజీ మూలనో ఉంచుకుంటారు, అది దించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఇలాంటి మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్ద ప్రమాణాలు ఉల్లంఘించి నడిపితే 190వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా లైసెన్సు మీద వేటు. చట్టం లేక కాదు మాకు నిద్ర లేనిది.

అమలు ఎక్కడ జారుతోందో కూడా చెబుతాను. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోట పొగ గొట్టంలో గొట్టం పెట్టి వాయువులు చూస్తారు, శబ్దం ఎవరూ కొలవరు. ఊరంతా వినిపించే కారుకు కూడా సర్టిఫికెట్ చేతికొస్తుంది. విశాఖలో బైకుల సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించడం అందరం చూశాం. మంచిదే, కానీ బైకు సైలెన్సర్ రోడ్డున పోయేవాడికీ కనిపిస్తుంది, కారుది అడుగున ఉంటుంది. పైగా రిమోట్‌తో మూసే వాల్వు పెట్టుకుంటున్నారు. చెక్‌పోస్టు కనబడగానే బటన్ నొక్కితే కారు పిల్లిలా మారిపోతుంది, దాటాక మళ్లీ తెరుస్తారు. వంగి చూడకుండా, వాల్వు తెరిపించకుండా తనిఖీ చేస్తే దొరకదు.

ఆపడం కష్టమనే మాట మాత్రం మేము ఒప్పుకోం. డిసెంబరు 31 రాత్రి ఈ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి విమాన టికెట్ చూపించినవారినే వదులుతారు. ఎక్కే దారుల దగ్గర నిలబడి ప్రతి కారునూ ఆపగలిగారు కదా. ఆ రాత్రి పోలీసువారు చేసిన పనిలో పదో వంతు వారానికి రెండు రాత్రులు చేస్తే చాలు.

మా డిమాండ్లు ఇవి.

1. శుక్ర, శనివారాల్లో రాత్రి 11 నుంచి 2 దాకా మెహదీపట్నం, ఆరాంఘర్ వైపు ఎక్కే దారుల దగ్గర శబ్ద తనిఖీ పెట్టాలి. కారు నిలిపి, గొట్టం చివరి నుంచి అర మీటరు దూరంలో 45 డిగ్రీల కోణంలో మీటరు పెట్టి ఇంజిన్ రేజ్ చేసి కొలిచే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. దానికి ల్యాబ్ అక్కర్లేదు. వాల్వు ఉంటే తెరిపించే కొలవాలి.

2. దొరికిన కారుకు చలానా రాసి వదిలేయవద్దు. చలానా కట్టి అదే రాత్రి మళ్లీ వంతెన ఎక్కే స్తోమత ఆ కార్ల యజమానులకు ఉంది. కంపెనీ ఎగ్జాస్టు బిగించి, కారు తెచ్చి చూపించాకే కేసు మూయాలి. గడువు పెట్టండి, రెండు వారాలు చాలు.

3. ఆ ఎగ్జాస్టు ఎక్కడ కట్టించారో ప్రతి కేసులో రాసుకోవాలి. ఒకే గ్యారేజీ పేరు పదేపదే వస్తే నోటీసు అక్కడికి వెళ్లాలి. కుర్రాడి మీద కేసు పెట్టి, డబ్బు తీసుకుని కట్టినవాణ్ణి వదిలేయడం న్యాయం కాదు.

4. పొల్యూషన్ సర్టిఫికెట్ తనిఖీలో శబ్దం కొలత చేర్చాలని కేంద్రానికి ప్రతిపాదన పంపాలి. ప్రయాణికుల కారుకు కంపెనీ దశలో 74 డెసిబెల్స్ పరిమితి పెట్టి, అమ్మాక జీవితకాలంలో ఒక్కసారీ చూడకపోతే ఆ పరిమితికి అర్థం లేదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుందని, చెవికి రెండింతలుగా వినిపిస్తుందని అధికారులకు వేరే చెప్పక్కర్లేదు.

5. శబ్దాన్ని పట్టి నంబరు ప్లేటు ఫొటో తీసే కెమెరాలను ఈ వంతెన మీద ప్రయోగాత్మకంగా పెట్టాలి. పారిస్‌లో 2022లో ఇలాంటివి పెట్టి చూశారు. న్యూయార్క్‌లో 85 డెసిబెల్స్ దాటిన బండ్లకు నోటీసులు పంపుతున్నారు. వేగం పట్టే కెమెరాలు మనకు కొత్త కాదు, వాటి పక్కన మైకు పెట్టడమే.

6. అర్జీ ఇచ్చిన మనిషిని నంబరు, ఫొటో తెమ్మనడం మానాలి. తేదీ, సమయం, పిల్లర్ నంబరు చెబితే తీసుకోవాలి. ఎక్కే దారుల్లో కెమెరాలు మీవే.

7. గ్యారేజీల వారు ఈ నెల నుంచి మూడు పనులకు నో చెప్పాలి: క్యాట్ లేని డౌన్‌పైప్, మఫ్లర్ లేని ఎగ్జాస్టు, పేలుళ్ల మ్యాప్. కస్టమర్ పక్క షాపుకు పోతాడని భయం ఉంటుంది, అర్థమవుతుంది. అందరూ కలిసి ఒకే మాట మీద ఉంటే ఆ భయం ఉండదు. పైగా ఈ మార్పులు బీమా కంపెనీకి చెప్పకపోతే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. డబ్బు తీసుకునే ముందు ఆ మాట కస్టమర్‌కు చెప్పడం మీ బాధ్యత.

తమ్ముళ్లూ, మీలో ఎవరైనా కారు తెస్తే ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంట్ దగ్గర నేనే కింద పడుకుని చూసి, ఎక్కడ ఏం పెడితే మోత తగ్గుతుందో రాసిస్తాను. పైసా తీసుకోను, నంబరు రాసుకోను, ఫొటో తీయను. మీ కారు మీకు ప్రాణమైతే దాన్ని చూసి జనం తిట్టుకోవడం మీకూ ఇష్టం ఉండదని నా నమ్మకం.

అధికారులకు ఈ లేఖ నకలును సంతకాలతో, పాత అర్జీల రసీదులతో కలిపి పంపుతున్నాం. ముప్పై రోజుల్లో ఏ చర్య తీసుకున్నారో రాతపూర్వకంగా తెలియజేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 190, 182ఏ సెక్షన్లలో మా ప్రాంతంలో ఎన్ని కేసులు రాశారో అడుగుతాం, ఆ కాగితం పట్టుకుని హైకోర్టుకు వెళతాం.

ఇట్లు,
ఎక్స్‌ప్రెస్‌వే పక్క అపార్ట్‌మెంట్ల నివాసుల తరఫున,
ఒక రిటైర్డ్ మెకానిక్,
అత్తాపూర్, హైదరాబాద్.